ఎనభై మీటర్ల దగ్గర గాలి: ఎయిర్ రైఫిల్ పోటీలో నా అనుభవం

పోయిన ఏడాది స్కోర్ కార్డు ఇప్పటికీ నా బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంది. దాంట్లో ఇరవై గళ్లు. టార్గెట్ పడితే ఇంటూ, పడకపోతే సున్నా. నా కార్డులో ఇంటూలు మూడు, మిగతా పదిహేడూ సున్నాలే. ఆ మూడూ 55 మీటర్ల లోపువి. 70 దాటిన టార్గెట్ ఒక్కటీ పడలేదు. ఆ సాయంత్రం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌కి తిరిగొస్తుంటే కార్లో ఏడుపొచ్చింది. తప్పడం ఒక ఎత్తు, ఎందుకు తప్పిందో ఒక్కదానికీ కారణం చెప్పలేకపోవడం ఒక ఎత్తు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో అదే క్లబ్బు, అదే తోట, అదే పోటీ. మధ్యలో ఏం నేర్చుకున్నానో, ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎయిర్ రైఫిల్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది 10 మీటర్ల పోటీ. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది అందులోనే. అక్కడ దూరం మారదు, గాలి ఉండదు, పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. నేను ఆడేది వేరే ఆట, పేరు ఫీల్డ్ టార్గెట్. 1980లో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఆరుబయట చెట్ల మధ్య, పొదల పక్కన ఇనప రేకులు నిలబెడతారు. కాకి, ఎలుక, ఉడుత ఆకారాల్లో కోసిన రేకులవి. రేకు మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది, దాన్ని కిల్ జోన్ అంటారు. పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, ఆ రంధ్రంలోంచి దూరి వెనకున్న పలకకి తగిలితే టార్గెట్ వెనక్కి వాలిపోతుంది. రంధ్రం తప్పి రేకుకి తగిలితే టంగుమని మోగుతుంది గానీ కార్డులో సున్నాయే పడుతుంది. వాలినదాన్ని కూర్చున్న చోటి నుంచే తాడు లాగి లేపుకుంటాం. ఏ టార్గెట్ ఎంత దూరంలో ఉందో ఎవరూ చెప్పరు. లేజర్‌తో కొలవడానికి వీల్లేదు, స్కోప్‌లోంచి చూసి మనమే తేల్చుకోవాలి.

అంతర్జాతీయ పోటీల్లో దూరం 50 మీటర్లతో ఆగిపోతుంది, రైఫిల్ శక్తి 16.3 జౌళ్లు దాటకూడదు. మా క్లబ్బు ఏడాదికోసారి ఆ హద్దు దాటి, 50 నుంచి 85 మీటర్ల దాకా టార్గెట్లు పెడుతుంది. నియమాలు క్లబ్బు తనకి తాను పెట్టుకున్నవి: 60 మీటర్ల లోపు వాటికి 50 మిల్లీమీటర్ల రంధ్రం, ఆపై వాటికి 75. పది లేన్లు, లేన్‌కి రెండు టార్గెట్లు, ఒక్కోదానికి ఒక్కటే షాట్. రెండింటికీ కలిపి 3 నిమిషాలు.

నాకు తుపాకీ పట్టడం నేర్పింది కదిరి తిరునాళ్ల. నరసింహస్వామి రథం రోజు అట్టకి గుచ్చిన బెలూన్ల ముందు మగపిల్లలే గుంపు కట్టేవాళ్లు. మా నాన్న నన్ను ముందుకి తోసి, "మా పాప కూడా కొడతాది, ఇయ్యి" అని దుకాణంవాడితో చెప్పాడు. ఆ రోజు రెండు పగలగొట్టాను. ఊళ్లో పిల్లలు ఉండేలుతో పిట్టల్ని కొట్టడం నేను చూడలేకపోయేదాన్ని, గురి చూసి కొట్టడం మాత్రం అంతే ఇష్టంగా ఉండేది. రేకు కాకి పడిపోయి, తాడు లాగితే మళ్లీ లేచే ఆట ఒకటుందని తెలిసేసరికి నాకు ముప్పై రెండేళ్లు.

రైఫిల్ కొంటున్నానని ఫోన్ చేస్తే అదే నాన్న భయపడ్డాడు. పోలీసులు పట్టుకుంటారేమోనని ఆయన బెంగ. ఆయనకి చెప్పిందే ఇక్కడా చెప్తాను. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో గుర్తింపు కార్డు, చిరునామా కాగితం ఇచ్చి కొనుక్కోవచ్చు. నేను రసీదు నకలు ఎప్పుడూ రైఫిల్ పెట్టెలోనే ఉంచుతాను, ఆ పెట్టెని దారిలో ఎక్కడా తెరవను. లైసెన్సు అక్కర్లేదు కదా అని బొమ్మలా చూసేవాళ్లంటే మాత్రం నాకు కోపం. ఈ పెల్లెట్ 80 మీటర్ల దగ్గర కూడా మనిషి కన్ను తీసేయగలదు.

పోయిన ఏడాది నా పదిహేడు సున్నాలకి మొదటి కారణం లెక్కలు లేకపోవడం. ఏ దూరానికి పెల్లెట్ ఎంత కిందకి పోతుందో రాసుకునే పట్టిక నా దగ్గర 50 మీటర్ల దాకానే ఉంది, దాంతోనే 80కి పోయాను, మిగతాది ఊహించుకున్నాను. ఈసారి ఆగస్టు నుంచి ప్రతి రెండో శనివారం తోటకి వెళ్లి, టేపుతో కొలిచి, 5 మీటర్లకొకటి చొప్పున అట్టలు పాతి, ఒక్కో దూరానికి పది షాట్లు కొట్టి రాసుకున్నాను. నాది గాలి నింపుకునే పీసీపీ రైఫిల్. చేతిపంపుతో 200 బార్ ఒత్తిడికి నింపితే 130 దాకా వేగం నిలకడగా ఉంటుంది, అంతకన్నా తగ్గితే షాట్లు కిందకి జారతాయి. పెల్లెట్ బరువు 0.67 గ్రాములు, వేగం సెకనుకి 232 మీటర్లు, అంటే 18 జౌళ్లు. 30 మీటర్ల దగ్గర జీరో చేస్తే, అంటే గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దితే, 50 దగ్గర పెల్లెట్ 8 సెంటీమీటర్లు కిందకి తగులుతుంది. 80 దగ్గరికొచ్చేసరికి అది 40 సెంటీమీటర్లు! దూరం రెట్టింపు కూడా కాకముందే పతనం అయిదింతలైంది. పెల్లెట్ వెనక భాగం పావడాలా విచ్చుకుని ఉంటుంది కాబట్టి గాలి దాన్ని ఇట్టే వెనక్కి లాగుతుంది. వేగం తగ్గేకొద్దీ నేల దాన్ని ఇంకా గట్టిగా పిలుస్తుంది.

దాని పర్యవసానం దూరం అంచనాలో కనబడుతుంది. 80లో ఉన్నదాన్ని 75 అనుకుని స్కోప్ తిప్పితే పెల్లెట్ 5 సెంటీమీటర్లు కిందకి పోతుంది. రంధ్రం నడిమి నుంచి అంచు దాకా ఉన్నది మూడున్నర చిల్లర. అంటే అయిదు మీటర్ల పొరపాటు చాలు, సున్నాకి.

మామూలు ఫీల్డ్ టార్గెట్‌లో దూరం తేల్చేది స్కోప్ పక్కనున్న పెద్ద చక్రం. మ్యాగ్నిఫికేషన్ 40కి పెంచి, రేకు మీది గీతలు స్పష్టంగా కనబడేదాకా చక్రం తిప్పి, అక్కడ రాసుకున్న అంకె చదువుకుంటాం. దగ్గర దూరాల్లో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నా చక్రం మీద 15కీ 20కీ మధ్య బొటనవేలు వెడల్పు జాగా ఉంది. 75కీ 80కీ మధ్య రెండు మిల్లీమీటర్లు లేదు. పైగా ఎండకి స్కోప్ వేడెక్కితే ఆ గుర్తులన్నీ పక్కకి జరుగుతాయి. పొద్దున చలిలో రాసుకున్న 55, మధ్యాహ్నం చూస్తే 52 అంటుంది.

దీనికి దారి చూపించింది మా క్లబ్బులో ఉన్న కోలారు పెద్దాయన. రాగులు, టమాటా పండించే రైతు. అరవై దాటినా కళ్లద్దాలు లేకుండా గురి చూస్తాడు. ఆ ప్రాంతపు తెలుగు, మధ్యమధ్యలో కన్నడం. నేను ఆయన్ని అన్నా అంటాను. "రంధ్రం ఎంతుందో వాళ్లే చెప్పినారు కదమ్మా, 75. స్కోప్‌లో గీతలుండాయి కదా. రంధ్రాన్ని గీతలతో కొలువు" అన్నాడు. 75 మిల్లీమీటర్ల రంధ్రం స్కోప్‌లో సరిగ్గా 1 మిల్ (దూరంలో వెయ్యో వంతు) నిండితే దూరం 75 మీటర్లు. 0.94 నిండితే 80. 0.9 అయితే 83. నా స్కోప్‌లో గీతల కొలత 20 మ్యాగ్నిఫికేషన్ దగ్గరే నిజం, అందుకని ముందు 20కి దించి కొలవాలి, తర్వాత మళ్లీ పెంచి గురి పెట్టాలి. మిల్‌లో పదో వంతుని కంటితో భాగించడం రావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇంట్లో గోడకి నల్ల బొట్టుబిళ్లలు అంటించి, ఆఫీసు పని అయ్యాక రోజూ పది నిమిషాలు కొలిచేదాన్ని.

గాలి సంగతి అంతకన్నా కష్టం. సెకనుకి 3 మీటర్ల పక్కగాలి వీస్తే నా పెల్లెట్ 50 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు జరుగుతుంది, 80 దగ్గర 16. మూడు మీటర్లంటే పెద్ద గాలేమీ కాదు, మొహానికి హాయిగా తగిలేంత. ఆ హాయి గాలి గురిని రెండు రంధ్రాల దూరం తోసేస్తుంది. పోయిన ఏడాది నేను చేసిందల్లా గాలి ఆగేదాకా చూసి, ఆగగానే కొట్టడం. రైఫిల్ గొట్టానికి కట్టిన ఉన్నిపోగు నిటారుగా వేలాడితే గాలి లేదనుకునేదాన్ని.

నవంబర్‌లో ఒక పొద్దున నా పక్కన కూర్చుని చూస్తున్న పెద్దాయన అడిగాడు. "కళ్లంలో తూర్పారబట్టేది చూసినావామ్మా ఎప్పుడన్నా?"

"మా అవ్వ పట్టేది. చూసినాన్నా."

"గాలి వచ్చిందని దబ్బున చేట వంచేస్తుందా మీ అవ్వ? తిక్కగాలిలో వంచితే గింజ కూడా పొల్లులో పోయి కలుస్తుంది. చేట ఎత్తి పట్టుకోని నిలబడుకోనుంటుంది, గాలి ఒక తీరుగా వచ్చేదాకా. గాలి లేకుంటే పనే జరగదు. నువ్వేమో గాలి చచ్చిపోవాలని కూర్చున్నావు. నీ పోగు కాడ చచ్చింది సరే, ఆ నీలగిరి చెట్ల కాడ చచ్చిందని ఎవరు చెప్పినారు నీకు?"

ఆ మాట దగ్గర నా ఆట మారింది. గాలి ఆగిన క్షణం చిన్నది. ఎప్పుడు మళ్లీ లేస్తుందో తెలియదు, తోటంతా ఒకేసారి ఆగదు కూడా. పెల్లెట్ 80 మీటర్లు పోవడానికి సెకనులో పదింట నాలుగు వంతులు పడుతుంది, ఆలోపే మధ్యలో ఏదో ఒక చోట గాలి దాన్ని పట్టుకుంటుంది. అదే తూర్పు నుంచి ఒకే ఊపున వీచే గాలైతే, ఎంత తోస్తుందో పట్టికలో ఉంది. అంత పక్కకి గురి పెట్టుకోవచ్చు. కాబట్టి ఎదురుచూడాల్సింది నాకు లెక్క తెలిసిన గాలి కోసం. అప్పటినుంచి అట్టల ముందు కూర్చుని, షాట్ కొట్టకుండా ఇరవై నిమిషాలు గాలినే చూసిన రోజులున్నాయి. దగ్గర పోగు, నడిమధ్య గడ్డి, దూరంలో నీలగిరి ఆకులు. ఎండ ఎక్కాక స్కోప్‌లో ఎండమావి కనబడుతుంది. అది నీళ్లలా ఎటు పారితే గాలి అటు. నిలువుగా ఉడికినట్టు పైకి లేస్తుంటే గాలి లేదని అర్థం, లేదా దిశ మారబోతోందని. అప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టను.

పోటీ రోజు పొద్దున ఆరున్నరకి దేవనహళ్లి దాటాం. దారి పక్క చకోతా పళ్లు గుట్టలు పోసి అమ్ముతున్నారు. తోటలో పదహారు మంది, ఆడవాళ్లం ఇద్దరం. చెన్నై టి. నగర్ నుంచి వచ్చిన కుర్రాడొకడు నా తెలుగు విని "అక్కా, మాదీ ఇంట్లో తెలుగే" అంటూ వచ్చి చేరాడు. పెద్దాయన, ఆ తమ్ముడు, నేను ఒక జట్టు.

మొదట భద్రతా సూచనలు. విజిల్ ఒకసారి మోగితే కాల్పులు ఆపాలి, రైఫిల్ ఖాళీ చేయాలి, లేన్ గీత దాటి ఎవరూ ముందుకి పోకూడదు. తర్వాత వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర వరస. ఒక్కొక్కరి పెల్లెట్ తూచి, మూడు షాట్ల వేగం చూసి, 20 జౌళ్ల లోపు ఉంటేనే రైఫిల్‌కి చీటీ కడతారు. ఒకాయన రైఫిల్ కొంచెం పైకి చూపించింది. ఎంత బతిమాలినా రేంజ్ ఆఫీసర్ ఒప్పుకోలేదు, స్క్రూ తిప్పి తగ్గించుకొచ్చాకే చీటీ కట్టాడు. ఆ పట్టుదల వల్లే ఈ క్లబ్బు మీద నాకు గౌరవం.

చెన్నై తమ్ముడికి జీరో చూసుకునే చోట కంగారు మొదలైంది. దూరం పెరిగేకొద్దీ అతని షాట్లు పట్టిక చెప్పినదానికన్నా పైకి పోతున్నాయి. అతను పట్టిక రాసుకుంది సముద్ర మట్టంలో. బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి సాంద్రత ఇంచుమించు పదో వంతు తక్కువ, పెల్లెట్‌ని వెనక్కి లాగేది ఆ మేరకు తగ్గుతుంది. 80 మీటర్ల దగ్గర అది ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా. పెద్దాయన పెన్సిల్ తీసుకుని అతని పట్టిక పక్కన కొత్త అంకెలు వేసిచ్చాడు. పోటీలో ఎదుటివాడికి అంకెలు దిద్దిపెట్టే మనిషిని చూడటం నాకదే మొదలు.

నాకు కూర్చోవడానికి అమ్మ పాత జీన్స్ గుడ్డతో సంచి కుట్టి, వరి ఊక నింపి ఇచ్చింది. దాని మీద కూర్చుని, ఎడమ మోకాలు పైకెత్తి, రైఫిల్‌ని ఆ మోకాలి మీద ఆనిస్తే గుండె కొట్టుకోవడం తప్ప ఇంకో కదలిక ఉండదు.

మొదటి లేన్‌లో రెండూ పడ్డాయి, 52, 68. ఆ 68 వెనక్కి వాలిన చప్పుడు నాకు ఆలస్యంగా వినబడింది. కళ్లు చూశాయి, తర్వాత చెవులు నమ్మాయి. పెద్దాయన నా కార్డు మీద ఇంటూ వేసి ఏమీ అనలేదు. రెండో లేన్‌లో ఒకటి, మూడో లేన్‌లో ఒకటి పడ్డాయి.

నాలుగో లేన్‌లో పొరపాటు చేశాను. ముందు దూరంది, 80. గురి ఎత్తు మార్చే స్కోప్ మీట 50 క్లిక్కులు తిప్పి కొడితే రేకు మోగింది గానీ పడలేదు. ఆ బాధలోనే వెంటనే దగ్గరున్న 55 దానికి తిరిగాను. దానికి 21 క్లిక్కులు చాలు. మీట వెనక్కి తిప్పడం మర్చిపోయాను. ట్రిగ్గర్ నొక్కాక వెనక మట్టికట్ట మీద దుమ్ము లేచింది, రంధ్రానికి దాదాపు జానెడు పైన. ఆ రోజంతటిలో గాలి లేని క్షణం, దగ్గరి టార్గెట్, నేర్చుకోవాల్సింది ఏమీ లేని తప్పు. దాన్ని గుర్తు తెచ్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాత ప్రతి షాట్‌కీ ముందు మీట మీది అంకెని పైకి చదవడం మొదలుపెట్టాను. తమ్ముడు కూడా నాతోపాటు చదివేవాడు.

అయిదు, ఆరు లేన్లు చెట్ల నీడలో, అక్కడ మరో రెండు పడ్డాయి. ఏడో లేన్ నిలబడి కొట్టాల్సింది, రెండూ పోయాయి. నిలబడి 60 మీటర్లు కొట్టే చేతులు నాకింకా రాలేదు. పదకొండు దాటాక ఎండ ముదిరింది. స్కోప్ మీద తడి తుండుగుడ్డ కప్పి లేన్ నుంచి లేన్‌కి నడిచాను. చక్రం మాట నమ్మడం మానేసి, పూర్తిగా గీతల కొలత మీదే ఆధారపడ్డాను. ఎనిమిదిలో ఒకటి, తొమ్మిదిలో ఒకటి.

పదో లేన్. దగ్గరిది 58, గాలి ఎక్కువ లెక్కేసి కుడి అంచుకి కొట్టి పోగొట్టుకున్నాను. రెండోది పొదల పక్కన కాకి. 20కి దించి కొలిచాను. ఒకసారి 0.94 అనిపించింది, ఇంకోసారి 0.92. ఎనభై, ఎనభై ఒకటి. 51 క్లిక్కులు. మీట అంకె పైకి చదివాను. టైం చూస్తే ఒక నిమిషం పది సెకన్లు మిగిలింది.

పోగు కుడి నుంచి ఎడమకి లేచింది, పడిపోయింది, మళ్లీ లేచింది. నీలగిరి ఆకులు వేరే పాట పాడుతున్నాయి. స్కోప్‌లో ఎండమావి ఉడుకుతోంది. నలభై సెకన్లు మిగిలాయని తమ్ముడు చెప్పాడు. రైఫిల్ కుదురుగా ఉంది, రంధ్రం గీతల మధ్యే ఉంది, కొట్టేయాలని వేలు లాగుతోంది. చేట ఎత్తి పట్టుకున్న మా అవ్వ చేతులు గుర్తొచ్చాయి. వేలు తీసేశాను. ఎండమావి మెల్లగా ఎడమకి ఒరిగింది. గడ్డి ఒరిగింది. ఆకులు ఒరిగాయి. పోగు సగానికి లేచి అక్కడే నిలబడింది. మూడు మీటర్ల గాలి, నాకు తెలిసిన గాలి. రెండు మిల్లులు కుడికి, అంటే రంధ్రం వదిలేసి, కాకి తోక కూడా దాటి, ఉత్త గడ్డి మీద గురి పెట్టాను. ఏమీ లేని చోట గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కడానికి ఎంత నమ్మకం కావాలో అప్పుడు తెలిసింది.

కాకి వెనక్కి పడింది.

పెద్దాయన మళ్లీ ఏమీ అనకుండా ఇంటూ వేశాడు. ఆ గీత కాగితం వెనక్కి దిగేంత గట్టిగా వేశాడు, కార్డు తిప్పి చూస్తే తెలుస్తుంది. మొత్తం తొమ్మిది. ఆయనకి పదమూడు, చెన్నై తమ్ముడికి ఎనిమిది. గెలిచినాయనకి పదహారు.

బహుమతులయ్యాక రేంజ్ మూసేసి, తాళ్లు చుట్టడానికి, కట్ట దగ్గర సీసపు ముక్కలు ఏరడానికి అందరం ముందుకి నడిచాం. సీసం నేలలో ఉండిపోతే తోట యజమాని కోళ్లు తింటాయి, అందుకని ఏరకుండా ఎవరూ ఇంటికి పోకూడదని క్లబ్బు నియమం. పదో లేన్ కాకి దగ్గర ఆగాను. పొద్దున నల్లరంగు కొట్టిన రేకు మీద ఇప్పుడు బూడిదరంగు మచ్చలు. దాదాపు అన్నీ రంధ్రానికి ఎడమవైపే, కొన్ని ఆనుకుని, కొన్ని రెక్క చివర. ఇంతమందిమీ గాలికి తగినంత ఇవ్వకుండా తక్కువే ఇచ్చామన్నమాట. కుడివైపు ఒకే ఒక్క మచ్చ ఉంది, ఎవరిదో.

పెద్దాయన రంగు డబ్బా ఊపుకుంటూ వచ్చి ఆ మచ్చలన్నీ ఒకసారి చూశాడు. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, తాను తాడు చుట్టడానికి పోయాడు. నేను ఫోటో తీసుకుని, రేకు మీద రంగు కొట్టాను.